చివరి చెంబు

మా అత్తగారి దృష్టిలో ఈ లోకంలో మనుషులు రెండే రకాలు. పసితనంలో ఆవిడ కాళ్ల మీద పడుకుని నీళ్లు పోయించుకున్నవాళ్లు, ఆ భాగ్యం లేనివాళ్లు. బేగంబజార్‌లోని మా సందులో మొదటి రకమే ఎక్కువ. మీసాలు పెంచి, హోల్‌సేల్ దుకాణాల్లో గల్లాపెట్టె ముందు దర్జాగా కూర్చునే మగవాళ్లు కూడా ఆవిడ ఎదురైతే కొంచెం సిగ్గుపడతారు. ఎంత గుక్కపట్టి ఏడ్చే పిల్లయినా నాగమణమ్మ చేతిలో పడితే చాలు, ఒళ్లు తుడిచేలోపే నిద్రపోతుందని సందంతా చెప్పుకుంటుంది.

నేను సంతోష్‌నగర్‌లో పెరిగాను. మా నాన్న ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చి అక్కడ ఇల్లు కట్టుకున్నారు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక, కింద గిన్నెల దుకాణం, పైన కాపురం. పొద్దున్నే షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి స్టీలు చప్పుడే. ఆ చప్పుడులో మా అత్తయ్య మాట వినపడాలంటే ఆవిడ గొంతు అంత పెద్దది కావాల్సిందే, అయింది కూడా.

నాకు నెలలు నిండే రోజుల్లో ఆవిడ నీళ్ల సామాను సిద్ధం చేసింది. దుకాణంలోంచి ఏరి ఏరి ఒక ఇత్తడి గంగాళం, ఒక రాగి చెంబు పైకి తెప్పించింది. కూర్చోవడానికి చెక్కపీట, పెసలూ ఎండు గులాబీ రేకులూ కలిపి పట్టించిన నలుగుపిండి, ఊదు వేయడానికి మట్టి మూకుడు, ఉతికి ఉతికి మెత్తబడిన తన పాత చీరల ముక్కలు. తొలి కాన్పు పుట్టింటి వంతు అని మా అమ్మ అంటే, "కాన్పు మీరే చెయ్యిండ్రి వదినా, నీళ్లు మాత్రం నేనే పోస్త," అని తేల్చేసింది.

వైశాఖంలో పాప పుట్టింది. ఏడవలేదు.

ఆ రోజు గురించి అంతకంటే నాకు తెలిసింది తక్కువ. మత్తు వదిలేసరికి అన్నీ అయిపోయాయి. పాపను నాకు చూపించకపోవడమే మంచిదని పెద్దవాళ్లు అనుకున్నారట. డాక్టరు గదిలోకి వెళ్లి మాట్లాడి వచ్చింది అత్తయ్య ఒక్కతే. మంచం పక్కకు వచ్చి నిలబడితే, నా వల్లనా అత్తయ్యా, అని అడిగాను.

"నీ తప్పు ఇంత గూడ లేదు బిడ్డా," అంది, బొటనవేలిని చిటికెనవేలి కొస మీద పెట్టి చూపిస్తూ.

ఆ ఎండాకాలమంతా నేను ఆ మాట మీదే బతికాను.

సామానంతా సజ్జ ఎక్కింది. పక్కింటి పూజిత, పూజాసామాన్ల దుకాణం వాళ్ల కోడలు, అప్పటికే కడుపుతో ఉంది. నేను వరండాలోకి వస్తే కొంగు పొట్ట మీదికి లాక్కుని గబగబా లోపలికి వెళ్లిపోయేది. పాపం, నా బాధ చూడలేకే అలా చేసేది. నాకు మాత్రం ఆ కొంగు చూస్తే ఒళ్లు మండేది.

బోనాలు అయిపోయి వానలు పట్టుకున్నాక ఒకరోజు మా ఆయన అమరనాథ్ ఫలక్‌నుమాలో గిన్నెలకు పాలిష్ పట్టే కార్ఖానా నుంచి ఒక కుక్కర్ డబ్బా పట్టుకొచ్చాడు. డబ్బా మూత దానంతటదే లేచింది. లోపల కుక్కపిల్ల. దాని తల్లి కార్ఖానా ముందు లారీ కింద పడిందట. పాలిష్ మసీ గ్రీజూ అంటుకుని, అసలు దాని రంగేమిటో తెలియడం లేదు.

"నాలుగు రోజులు ఉంచుకుందాం ప్రియా. నీకు నచ్చకుంటే మళ్ల ఆడనే ఇడిసొస్త," అన్నాడు.

ఎందుకు తెచ్చాడో నాకు తెలుసు. నాకు తేవడానికి అతనికి ఇంకేమీ దొరకలేదు. తెలిసి కూడా, నాకు కావలసింది ఇది కాదు అనేశాను. అతను డబ్బా కింద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని దుకాణంలోకి దిగిపోయాడు. నేను గదిలోకి వెళ్లి పడుకున్నాను.

కాసేపటికి సజ్జ మీది నుంచి ఇత్తడి ఒరుసుకుంటున్న చప్పుడు వినిపించింది. గిన్నెల దుకాణం మీద కాపురం ఉండేదాన్ని, ఏ చప్పుడు దేనిదో నాకు తెలుస్తుంది. అది గంగాళం. లేచి వచ్చి చూస్తే, మేము పెరడని పిలుచుకునే వెనక డాబా గచ్చు మీద పీట వేసుకుని, చీర మోకాళ్ల పైకి దోపుకుని, కాళ్లు బారచాపి కూర్చుని ఉంది అత్తయ్య. ఆ కాళ్ల మీద బోర్లా కుక్కపిల్ల. పక్కన గంగాళంలో వేణ్నీళ్లు, నా పాప కోసం పట్టించిన నలుగుపిండి.

"అవి దీనికా అత్తయ్యా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆవిడ తల ఎత్తలేదు. నూనె రాసిన వేళ్లతో దాని వీపు మీది గ్రీజును మెల్లగా కరిగిస్తోంది. "ఇంక ఎవలున్నరు బిడ్డా ఇంట్ల, నీళ్లు పోయించుకునేటోళ్లు," అంది.

తలుపు వేసుకున్నాను. అయినా అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. కుయ్‌కుయ్‌మన్న ఏడుపు, చెంబు గంగాళానికి తగిలే చప్పుడు, తర్వాత ఏడుపు ఆగిపోవడం. పసిపిల్లలకు నీళ్లు పోశాక చివరి చెంబు మిగిలిస్తారు. దాన్ని బిడ్డ తల చుట్టూ తిప్పి పక్కకు పోసి దీవిస్తారు. సందులో ఎన్ని ఇళ్లలో విన్నానో ఆ దీవెన. ఆ రోజు మా పెరట్లో వినిపించింది.

"శ్రీరామరక్ష. నూరేండ్లు సల్లగుండు."

దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. ఒక కుక్కపిల్లకు దక్కింది నా కూతురికి దక్కలేదని, సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆ తర్వాత కొన్నాళ్లు అత్తయ్యతో మాట్లాడలేదు. ఆవిడ పట్టించుకోలేదు. నీళ్లు పోస్తే బయటపడిన రంగు గోధుమ, నుదుటి మీద తెల్లమచ్చ. బుడ్డోడు అని పిలిచేది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వాణ్ని ఒళ్లో వేసుకుని, పేల దువ్వెనతో దువ్వి, చెవుల వెనక పట్టుకున్న గోమార్లను ఒక్కొక్కటే పీకి ఉప్పునీళ్ల గిన్నెలో వేసేది. గోళ్లు తీసేది. పళ్లకు వేలితో ఉప్పు రుద్దబోతే వాడు వేలు కొరికాడు. "నీ మామ గూడ గిట్లనే కొరికిండు రా," అని మురిసిపోయింది. ఆ మామ అంటే మా ఆయన. ఆరో రోజో ఏడో రోజో చూస్తే, తెల్లమచ్చ మీద దిష్టిచుక్క కూడా పెట్టి ఉంది. కాటుక!

ఒకసారి ఒళ్లు తుడుస్తుండగా తప్పించుకుని, తడి ఒంటితో మెట్లు దిగి దుకాణంలో దూరాడు. పళ్లేల దొంతర ఒకటి కూలి, సందు చివరిదాకా మోగింది. మూట దించుతున్న హమాలీ ఆగి చూసి, "క్యా సేఠ్, నయా మాలిక్ ఆగయా క్యా?" అన్నాడు. కొత్త యజమాని వచ్చాడా అన్న ఆ మాటకు అమరనాథ్ నవ్వాడు. పైన వరండాలో నిలబడ్డ నాకు ఆ నవ్వు వినిపించింది. వైశాఖం తర్వాత అతను నవ్వడం నేను వినడం అదే మొదలు. నాకు తెలియకుండానే నేనూ నవ్వాను.

శ్రావణం చివర్లో అత్తయ్య మోకాళ్లు మొరాయించాయి. పీట మీద కూర్చోగలదు గాని, ఒంగి గంగాళంలో నీళ్లు ముంచుకోలేదు. ఓ మధ్యాహ్నం పెరట్లోంచి పిలుపు వచ్చింది.

"నీళ్లు పొయ్యి బిడ్డా. నాతోని అయితలేదు."

వెళ్లాను. ఆ పిలుపులో బతిమాలడం ఉంది. ఆవిడ ఎవర్నీ బతిమాలగా నేను వినలేదు, అందుకే వెళ్లాను. నీళ్లు మోచేత్తో చూడమంది. అరచెయ్యి పనులు చేసి చేసి మొద్దుబారుతుంది, మోచెయ్యి అబద్ధం చెప్పదంది. ధార సన్నగా, తెగకుండా పోయాలని, ముందు కాళ్ల మీద, తర్వాత వీపు మీద, తల చిట్టచివర అని నేర్పింది. ఆవిడ రుద్దుతుంటే నేను పోశాను. బుడ్డోడు గడ్డం ఆవిడ పాదాల మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. అరచెయ్యంత పొట్ట ఎగసి పడుతోంది. దాన్ని చూస్తూ ఉండిపోయాను.

"నీ బిడ్డకు గూడ నేనే పోసిన," అంది అత్తయ్య.

చెంబు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"దావఖానల ఒట్టిగనే బట్టల చుట్టి ఇస్తమన్నరు. నేను ఒప్పలే. ఆయమ్మను అడిగి గోరెచ్చటి నీళ్లు తెప్పించిన. గా బాత్రూముల కింద కూసొని, ఇట్లనే కాళ్ల మీద పండవెట్టుకొని పోసిన. ఒత్తుగ ఎంటికలు బిడ్డా. నీ లెక్కనే."

నేను నేల మీద చతికిలపడ్డాను. ఇన్నాళ్లూ నా కూతురిని ఎవరూ ముట్టుకోలేదనుకున్నాను. చల్లగా, ఒంటరిగా వెళ్లిపోయిందనుకున్నాను.

"చివరి చెంబు తిప్పారా?" అన్నాను.

"తిప్పిన. ఏమనాల్నో సమజ్ గాలె. ఊకెనే తిప్పిన."

బుడ్డోడికి చలి పుట్టి వణుకుతుంటే, అత్తయ్య పాత చీర ముక్కలో చుట్టి నా ఒళ్లో పెట్టింది. తడి ముక్కు నా మెడకు ఆనించి నిద్రపోయాడు. వాణ్ని దించబుద్ధి కాలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం నీళ్లు నా పని, రుద్దడం ఆవిడ పని. ఊదు పొగ వేసేటప్పుడు వాడు తుమ్మితే, ఇద్దరం ఒకేసారి "చిరంజీవ" అనేవాళ్లం. వినాయకచవితి వెళ్లాక, కాన్పు కోసం సెలవు పెట్టిన ఆఫీసుకు ఇక వెళ్తాను అని నేనే అన్నాను. అత్తయ్య సంబరంగా టిఫిన్ డబ్బా కొత్తది తీసింది. దుకాణం ఉన్నది మరి దేనికి.

ఆఫీసుకు వెళ్లిన మొదటి రోజు. ముందు రోజు నుంచీ ముసురు. బుడ్డోడికి ముక్కు కారుతోంది. వేడిగా ఉంచండి, సాయంత్రం వచ్చి డాక్టరుకు చూపిద్దాం అని చెప్పి వెళ్లాను. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీయబోతుంటే పూజిత దగ్గర్నుంచి ఫోన్. మా మధ్య మాటలు లేక ఎన్నాళ్లయిందో.

"అక్కా, జల్ది రా. బుడ్డోడు కొట్టుకుంటుండు. అన్న ఫలక్‌నుమా పోయిండట, ఫోన్ కలుస్తలేదు. మీ అత్తమ్మ ఒక్కతే ఉన్నది."

ఆటోలో వచ్చేసరికి మెట్ల మీద పూజిత, నిండు పొట్టకు ఆనించి బుడ్డోణ్ని పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు కొంగు కప్పుకోవడం ఆమెకు గుర్తు లేదు. నాకూ ఒళ్లు మండలేదు. వాణ్ని అందుకోగానే ఘాటుగా కర్పూరం వాసన తగిలింది. కాళ్లు కొయ్యబారి, నోటి నుంచి నురగ వస్తోంది.

అదే ఆటోలో అత్తయ్యను ఎక్కించుకుని పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరాం. దారి పొడుగునా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. పిల్లలకు జలుబు చేస్తే సందంతా ఆవిడ దగ్గరికి వచ్చేది ఒక నూనె కోసమే. కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి, ఛాతీకి వీపుకు పట్టిస్తే పొద్దుటికల్లా పిల్ల ఆడుకుంటుంది. వీడికీ అదే పట్టించిందట. బొచ్చు ఉంది కదా, లోపలికి దిగదేమోనని కర్పూరం ఇంకొంచెం ఎక్కువే వేసిందట.

"మంచిగనే ఉండె బిడ్డా. నూనె వాడికి మస్తు నచ్చింది. ఒళ్లంత నాక్కుంట కూసుండె," అంది.

డాక్టరు దగ్గర అత్తయ్య బయట బెంచీ మీద కూర్చుండిపోయింది. లోపలికి నేను వెళ్లాను. ఆయన వాణ్ని బల్ల మీద పడుకోబెట్టి, వాసన చూసి, నా వైపు చూశాడు. సూది వేశాడు, ఇంకేవో చేశాడు. నేను వాడి ముందుకాలు పట్టుకుని ఉన్నాను. కాసేపటికి ఆయన చేతులు ఆగిపోయాయి.

"కర్పూరం కడుపులకు పోయింది మేడమ్. పసిపిల్లలకు గూడ పెట్టొద్దనే చెప్తరు ఇప్పుడు. పిల్లలన్న ఒళ్లు నాక్కోరు, ఇవి నాక్కుంటయ్," అన్నాడు మెల్లగా.

వాణ్ని చీర ముక్కలో చుట్టుకుని బయటికి వచ్చాను. నా నడక చూసే అత్తయ్యకు అర్థమైపోయింది. ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, వాటినే చూస్తూ అడిగింది.

"నా నూనెతోనేనా బిడ్డా?"

నిజం చెబితే ఆ చేతులు ఇంకెప్పుడూ ఏ పసిబిడ్డనూ ముట్టవు. నా కూతురిని ముట్టిన చేతులు ప్రపంచంలో అవే. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు నేను.

"కాదత్తయ్యా. జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగిందట. నిన్ననే దిగిపోయిందట. మీ తప్పు ఇంత కూడా లేదు."

నా బొటనవేలు చిటికెనవేలి కొస మీదికి దానంతటదే వెళ్లింది. అత్తయ్య ఆ వేలిని చూసింది. తర్వాత నా మొహం చూసింది. చాలాసేపు చూసింది. "గట్లనా," అని చేతులు కొంగులో చుట్టుకుంది.

ఇంటికి వచ్చాక వాడికి నీళ్లు పోయమని నాతో చెప్పి, తను గదిలోకి వెళ్లిపోయింది. పీట మీద నేను కూర్చున్నాను. కాళ్లు చాపి వాణ్ని పడుకోబెట్టుకున్నాను. నూనె జిడ్డు వదిలేదాకా నలుగుపిండితో రుద్దాను. పాలిష్ కార్ఖానా నుంచి అప్పుడే తిరిగొచ్చిన అమరనాథ్ ఏమీ అడక్కుండా కూర్చుని, చెంబు అందుకుని నీళ్లు పోశాడు. చివరి చెంబు నేను తీసుకున్నాను. ఏమనాలో నాకూ తెలియలేదు. ఊరికే తిప్పాను.

ఆ తర్వాత అత్తయ్య ఎవరికీ నీళ్లు పోయలేదు. ఎవరైనా పిల్లను ఎత్తుకుని మెట్లెక్కితే మోకాళ్లు నొప్పులనేది. దగ్గుకు నూనె అడిగితే డాక్టరుకు చూపించండ్రి అనేది. అన్నం కలుపుకుంటూ మధ్యలో ఆగి చెయ్యి చూసుకునేది. నా అబద్ధం పని చేయలేదని నేను రోజూ చూస్తూనే ఉన్నాను, మరో మాట చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

దసరా వెళ్లాక పూజితకు ఆడపిల్ల పుట్టింది. పురిటి స్నానాలయ్యాక పిల్లను తెచ్చి, మొదటి నలుగు మా అత్తయ్య చేత్తోనే పెట్టించాలని గుమ్మంలో నిలబడింది. మోకాళ్లు, అంది అత్తయ్య గోడ వైపు చూస్తూ. పూజిత మొహం చిన్నబోయింది.

నేనే లేచాను. పిల్లను నా చేతుల్లోకి తీసుకున్నాను. బతికున్న పసిబిడ్డ ఎంత వెచ్చగా ఉంటుందో, ఎంత బరువుంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. కళ్లు మసకబారాయి. అలాగే పెరట్లోకి నడిచి, కాలితో పీటను జరిపి, అత్తయ్య కోసం చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చింది. కూర్చుంది. కాళ్లు చాపింది. పిల్లను ఆ కాళ్ల మీద పడుకోబెట్టాను.

"నూనె వేడి చేసుకరా బిడ్డా," అంది.

వంటింట్లో మూకుడు పొయ్యి మీద పెట్టాను. దేవుడి గూట్లో ఉండే కర్పూరం డబ్బాను అంతకు ముందే బియ్యం డ్రమ్ము వెనక దాచాను. అడిగితే అయిపోయిందని చెప్పాలి. ఆ రెండో అబద్ధాన్ని ఎన్నాళ్లుగానో నోట్లో నానబెట్టుకుని ఉన్నాను. కొబ్బరినూనె ఇంకా వేడెక్కలేదు. పెరట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది. అంత పెద్ద గొంతు, ఆ రోజు మెల్లగా పలికింది.

"కర్పూరం ఎయ్యకు బిడ్డా. ఒట్టి నూనె సాలు."

పొయ్యి గట్టు పట్టుకుని నిలబడిపోయాను. బెంచీ మీద నా వేలు చూసినప్పుడే ఆవిడకు తెలిసిపోయింది. తెలిసే, నేనిచ్చిన మాటను కొంగులో చుట్టుకుంది. ఆ మాట నాది కాదు. ఆసుపత్రిలో డాక్టరు గదిలోంచి బయటికి వచ్చి ఆవిడ నాకు ఇచ్చినదే, అదే వేలితో, అదే కొలతతో. ఆ గదిలో డాక్టరు ఆవిడకు ఏం చెప్పారు? ఆ ప్రశ్న మొట్టమొదటిసారి నాకు అప్పుడే వచ్చింది.

నూనె తీసుకుని పెరట్లోకి వెళ్లాను. అత్తయ్య తలెత్తి నా మొహం చూసింది. నేను అడుగుతానేమోనని ఎదురుచూసింది. అడిగితే చెప్పేదే. నూనె గిన్నె ఆవిడ పక్కన పెట్టాను.

"నీళ్లు చూసినవా బిడ్డా?" అంది.

మోచేతితో చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి. చూశానత్తయ్యా అని చెప్పి, ముందు కాళ్ల మీద, సన్నగా, ధార తెగకుండా పోయడం మొదలుపెట్టాను.